అమాల్ఫీ తీరం: అమ్మానాన్నలతో ఆరు రాత్రులు, బస ఎక్కడ?

కృష్ణాతీరం
ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మే నెల మూడో వారంలో అమ్మను, నాన్నగారిని ఇటలీ తీసుకువెళ్తున్నాను. రోమ్‌లో నాలుగు రోజులు ఖాయమైంది. ఆ తరువాత ఆరు రాత్రులు అమాల్ఫీ తీరానికి కేటాయించాం.

నాన్నగారు ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో మధ్యధరా సముద్రాన్ని ఎన్నిసార్లు గీసి ఉంటారో లెక్క లేదు. ఆ నీళ్ళను మాత్రం ఎన్నడూ చూడలేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చదునైన నేల మీద గంటసేపైనా నడుస్తుంది, మెట్లు దిగడమే కష్టం. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు.

ఏ ఫోటో చూసినా పొసితానోనే కనిపిస్తోంది, కొండకు అతికించినట్టు రంగురంగుల ఇళ్ళు. అక్కడే గది తీసుకుందామని మనసు లాగుతోంది. మాకు టికెట్లు చేసిపెట్టే ఆయన మాత్రం "నేపుల్స్ నుంచి ఒక్కరోజు బస్సులో తిరిగి వస్తే చాలు, ఆరు రాత్రులు దండగ" అంటున్నారు. వెళ్ళి వచ్చినవారు, అక్కడ ఉంటున్నవారు సలహా ఇవ్వగలరా?

విమానం టికెట్
ఫిబ్రవరి 9, రాత్రి 10:15

మేము రెండేళ్ళ క్రితం ఒక్కరోజులోనే చూశాం. ఉదయం సొరెంతో, మధ్యాహ్నం పొసితానో, సాయంత్రం అమాల్ఫీ. సెలవు తక్కువగా ఉన్నవాళ్ళకు అదే మార్గం, అందులో చిన్నతనం ఏమీ లేదు. సముద్రం చూశాం, ఫోటోలు దిగాం, పిల్లలు సంతోషించారు. ఆరు రాత్రులంటే మిగతా ఇటలీని వదులుకున్నట్టే. ఫ్లోరెన్స్, వెనిస్ చూపించండి.

వెసువియస్ నీడ
ఫిబ్రవరి 10, ఉదయం 11:05

నేను నేపుల్స్‌లో ఏడేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ సెలవు దొరికినప్పుడల్లా ఆ తీరానికే పోతుంటాను. కృష్ణాతీరం గారూ, ఆరు రాత్రులు దండగ కానే కాదు. పొసితానోలో గది మాత్రం వద్దు.

ముందు నేల తీరు చెప్తాను, బస సంగతి దాన్నిబట్టే తేలుతుంది. సొరెంతో ద్వీపకల్పానికి దక్షిణపు అంచు ఇది. వెనుక లత్తారి కొండలు నిటారుగా లేచి ఉంటాయి, ముందు సలెర్నో అఖాతం. రెంటికీ మధ్య చదునైన చోటు దాదాపు లేదు. అందుకే ఊళ్ళు అడ్డంగా కాక నిలువుగా పెరిగాయి. పడమర పొసితానో నుంచి తూర్పున వియెత్రి దాకా కొండను తొలిచి వేసిన ఒకే ఒక్క రోడ్డు ఉంది. 19వ శతాబ్ది మధ్యలో బోర్బన్ రాజుల ఏలుబడిలో పూర్తయింది. అంతకు ముందు ఈ ఊళ్ళకు రాకపోకలంటే పడవలు, కంచరగాడిదలు, మెట్లదారులే. 1997లో యునెస్కో ఈ తీరమంతటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందం ఒక్కటే కారణం కాదు. ఇంత కఠినమైన నేలను మనుషులు తోటలుగా, ఊళ్ళుగా మలుచుకున్న తీరుకు దక్కిన గౌరవం అది.

పొసితానోలో లాంచీ దిగేది కింద ఇసుక ఒడ్డున, అమాల్ఫీ, సొరెంతో బస్సులు ఆగేది పైన రోడ్డు మీద. మీ గది ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. ఉదయం కాఫీకి వంద మెట్లు దిగి, మళ్ళీ వంద ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి అది శిక్షే.

నా సలహా ఇది. నాలుగు రాత్రులు మినోరిలో గానీ పక్కనే ఉన్న మయోరిలో గానీ ఉండండి. ఈ తీరంలో సముద్రపు ఒడ్డున చదునుగా నడవగలిగే ఊళ్ళు ఆ రెండే అనుకోండి. మయోరిలో దాదాపు కిలోమీటరు పొడవున ఇసుక ఒడ్డు, దాని వెంట నడకదారి ఉన్నాయి. మిగతా రెండు రాత్రులు సలెర్నోలో. అక్కడికి రోమ్ నుంచి వేగపు రైలులో సుమారు రెండు గంటలు. రైలు స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే లాంచీల రేవు.

లాంచీలు సుమారుగా ఏప్రిల్ నుంచి అక్టోబరు చివరి వరకు నడుస్తాయి, మీరు వచ్చే మే నెలలో ఇబ్బంది లేదు. సలెర్నో నుంచి అమాల్ఫీకి సుమారు ముప్పై అయిదు నిమిషాలు, పొసితానోకు గంటా పది. బస్సులో అమాల్ఫీకి గంటంబావు అంటారు గానీ ఆదివారం వాహనాలు బారులు తీరితే ఎంతైనా పట్టవచ్చు.

రెండు చక్రాలు
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

కారు అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. ఆగస్టులో మేము తీసుకున్నాం. తిరుమల ఘాట్ రోడ్డు మీద నడిపినవాడిని, భయమెందుకు అనుకున్నాను. తిరుమలలో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి మరొక దారి ఉంటాయి. ఇక్కడ ఒకే ఇరుకు రోడ్డులో రెండు వైపులా బస్సులు వస్తాయి. మలుపులో బస్సు ఎదురైతే వెనక్కు పోవాల్సింది మనమే. ఒకచోట అలా వెనక్కు పోతూ కారు అద్దం గోడకు రాసుకుని విరిగింది. అద్దె సంస్థ దానికి వసూలు చేసిన మొత్తంతో మరో రెండు రోజులు ఉండేవాళ్ళం.

2022 నుంచి రద్దీ రోజుల్లో సరి సంఖ్య, బేసి సంఖ్య నిబంధన కూడా ఉంది. తేదీని బట్టి బండి నంబరు చివరి అంకె సరి అయినవో బేసి అయినవో, ఒక రకం బళ్ళను పగటిపూట రానివ్వరు. ఆగస్టు అంతా అదే. అన్నీ దాటి వెళ్ళినా కారు నిలపడానికి చోటు దొరకదు. మా ఆవిడ పొసితానోను కారు కిటికీలోంచే చూసింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తాళపత్రం
ఫిబ్రవరి 10, రాత్రి 8:50

నాన్నగారు చరిత్ర చెప్పిన మనిషి అన్నారు కాబట్టి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

ఈరోజు అమాల్ఫీ చిన్న ఊరు, గంటలో చుట్టి రావచ్చు. వెయ్యేళ్ళ క్రితం ఇది వెనిస్, జెనోవా, పీసాలతో సమానమైన నౌకా గణరాజ్యం. ఇటలీ నౌకాదళం జెండా మధ్యలో నాలుగు చిహ్నాలుంటాయి, వాటిలో ఒకటి అమాల్ఫీది. నేల లేని ఊరు సముద్రాన్నే పొలంగా దున్నుకుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో, ఈజిప్టులో వీరి వర్తకుల స్థావరాలుండేవి. కలప తీసుకుపోయి సుగంధ ద్రవ్యాలు, పట్టు తెచ్చేవారు.

పెద్ద చర్చి ముందు అరవై పైచిలుకు మెట్లు ఉన్నాయి, అమ్మగారికి అదొక్కటే ఇబ్బంది. పైన ఉన్న కంచు తలుపులు 1060 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోసి ఓడలో తెచ్చినవి. ఏసుక్రీస్తు శిష్యుడు ఆంద్రెయ అవశేషాలు 1208లో ఇక్కడికి చేరాయి. పక్కనే 13వ శతాబ్ది ప్రాంగణం ఒకటి ఉంది, జంట స్తంభాల మీద ఒకదానినొకటి పెనవేసుకున్న తెల్లని కమానులు. అరబ్బుల కట్టడాల ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. వర్తకం సరుకుతో పాటు కళ్ళను కూడా మారుస్తుందని అక్కడ నిలబడితే తెలుస్తుంది.

పతనం మూడు దెబ్బల్లో వచ్చింది. 1131లో నార్మన్ రాజు రెండవ రోజర్ చేతికి చిక్కింది. 1135లోను, 1137లోను పీసావారు కొల్లగొట్టారు. చివరిగా 1343 నవంబరులో సముద్రం పొంగి రేవును, కింది ఊరిని మింగేసింది. ఆ రోజు నేపుల్స్‌లో ఉన్న కవి పెట్రార్క్ ఆ తుపాను భీభత్సాన్ని లేఖలో రాసి ఉంచాడు. ఓడలు కట్టిన రాతి కమానుల శాల ఇప్పటికీ ఉంది, కానీ సగమే. మిగతా సగం సముద్రంలో ఉంది.

దివిసీమ ఉప్పెన గుర్తున్న తరం నాన్నగారిది. ఆ సగం శాల ముందు ఆయన ఎక్కువసేపు నిలబడతారని నాకు అనిపిస్తోంది.

కృష్ణాతీరం
ఫిబ్రవరి 10, రాత్రి 10:20

తాళపత్రం గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. 1977 నవంబరులో ఆయన అవనిగడ్డ వైపు సహాయానికి వెళ్ళిన కుర్రవాళ్ళలో ఒకరు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఆ ఊరికి నౌకా చట్టం ఒకటి ఉండాలే, దాని సంగతి అడుగు" అన్నారు.

వెసువియస్ నీడ గారూ, మినోరి, సలెర్నో ఆలోచన మాకు నచ్చింది. గదులు చూడటం మొదలుపెడతాను.

తాళపత్రం
ఫిబ్రవరి 11, ఉదయం 7:10

నాన్నగారికి నా నమస్కారాలు. ఉంది. అమాల్ఫీ పట్టిక అని పిలిచే నౌకా చట్టం, మొత్తం 66 అధ్యాయాలు. ఓడ యజమాని, సరుకు యజమాని, నావికుడు, లాభంలో ఎవరి వాటా ఎంత; తుపానులో ఓడను తేలిక చేయడానికి సరుకు సముద్రంలో పారవేస్తే ఆ నష్టం ఎవరు భరించాలి, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. దాని చేతిరాత ప్రతి ఎక్కడెక్కడో తిరిగి 1929లో మళ్ళీ అమాల్ఫీ చేరింది.

దీన్ని చదివినప్పుడల్లా నాకు మన మోటుపల్లి గుర్తొస్తుంది. 1244-45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడి వీరభద్రాలయంలో వేయించిన అభయ శాసనం నాన్నగారు తప్పక పాఠంగా చెప్పి ఉంటారు. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, తాము అలా చేయమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు ఇచ్చిన మాట అది. ఆ రెండు రేవులకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. సముద్రం పెట్టే భయం ఒకటే కాబట్టి మనుషులు రెండు చోట్లా రాతపూర్వకంగా హామీ వెతుక్కున్నారు. ఇప్పుడు మోటుపల్లిలో రేవు లేదు, అమాల్ఫీలో వర్తక నౌకలు లేవు.

పోపులపెట్టె
ఫిబ్రవరి 11, ఉదయం 10:45

తిండి విషయం నాకు వదిలేయండి. మా అత్తగారితో వెళ్ళాను, ఆవిడ నియమాలు మీ అమ్మగారికంటే గట్టివి.

గుడ్డు తినని వారికి పాస్తా విషయంలో ఒక్క సూత్రం: ఎండిన పాస్తా అడగండి. లత్తారి కొండల అవతలి వైపు గ్రన్యానో అనే ఊరుంది, శతాబ్దాలుగా పాస్తాకు పేరు. అది గోధుమ రవ్వ, నీళ్ళు, అంతే. అప్పటికప్పుడు చేసే పాస్తాలో గుడ్డు కలిసే అవకాశం ఉంది కాబట్టి ప్రతిసారీ అడగాలి. మినోరి ప్రత్యేక వంటకం ఎన్‌దుందెరిలో పచ్చసొన పడుతుంది. నిమ్మకాయ మిఠాయిగా పేరుపొందిన గుండ్రటి కేకులోనూ గుడ్డే. బదులుగా నిమ్మరసపు ఐసు తినిపించండి, అందులో ఏమీ ఉండవు.

మరినారా పిజ్జా అంటే టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే. పేరు విని చేపలు అనుకుంటారు, కాదు. నాపోలి పిజ్జా అని ఉంటే మాత్రం జాగ్రత్త, దాని మీద చిన్న చేపలు వేస్తారు. చెతారా ఊరి చేపల ఊట మరో సంగతి. ఉప్పులో అణచి ఉంచిన చిన్న చేపల నుంచి చుక్కచుక్కగా దిగే ద్రవం అది, పురాతన రోమన్ల వంటల నుంచి వస్తున్న సంప్రదాయం. పలుచగా, తేనె రంగులో ఉంటుంది. కూరగాయల వంటకంలో వేసినా కంటికి తెలియదు. "సెంజా కార్నే, సెంజా పేషే, సెంజా ఉవోవా" అని చీటీ రాసి పెట్టుకోండి. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని.

జున్ను విషయం దాచకుండా చెప్పాలి. పర్మేసాన్ జున్ను దూడ కడుపులోని పదార్థంతో పాలు విరిచి చేస్తారు, ఇతర జున్నుల్లోనూ చాలావరకు అంతే. మా అత్తగారు తెలుసుకున్నాక మానేశారు. మీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

వంకాయ ప్రియులకు ఒక మాట. ఈ తీరంలో వేయించిన వంకాయ ముక్కలను చాక్లెట్‌లో ముంచి తీపి వంటకంగా తింటారు, ముఖ్యంగా మయోరి వైపు, ఆగస్టు పండుగ రోజుల్లో. గుత్తి వంకాయ తిన్న నోటితో నమ్మలేకపోయాను. బాగుంది.

కొండదారి
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:20

ఒకరోజు అమ్మానాన్నలను మినోరి ఒడ్డున కూర్చోబెట్టి మీరు 'దేవతల దారి' నడిచి రండి. అమాల్ఫీ నుంచి బస్సులో కొండ మీది బొమెరానో అనే ఊరికి వెళ్ళి, అక్కడి నుంచి పొసితానో పైనున్న నొచెల్లె దాకా ఆరేడు కిలోమీటర్లు. ఈ దిశలో నడిస్తే మొత్తం మీద దిగుడే, మూడు గంటలు చాలు. ఎడమ చేతి వైపు కిందంతా సముద్రం, ఎదురుగా కాప్రీ దీవి. నొచెల్లె నుంచి రోడ్డుకు దిగే మెట్లు పదిహేను వందలకు పైనే. మోకాళ్ళు కుర్రవైనా అక్కడ చిన్న బస్సు ఎక్కండి. నీడ ఉండదు, నీళ్ళు మోసుకుపోవాలి, వాన పడితే వెళ్ళవద్దు.

విమానం టికెట్
ఫిబ్రవరి 11, రాత్రి 9:05

ఇన్ని చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. మేము అమాల్ఫీలో రెండు గంటలు ఉన్నాం, ఆ కంచు తలుపుల ముందు నిలబడి ఐస్‌క్రీము తిన్నాం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఇవాళ తెలిసింది. అయినా ఒక్క విషయం మీద నా అభిప్రాయం మారలేదు. పొసితానోను పూర్తిగా వదిలేయమనడం సరికాదు. అక్కడికి లాంచీలో వస్తున్నప్పుడు కనిపించే దృశ్యం నా పిల్లలు ఇప్పటికీ బొమ్మ గీస్తారు. పసుపు, ఆకుపచ్చ పలకల గుమ్మటం, చుట్టూ ఇళ్ళు. అమ్మగారు మెట్లు ఎక్కకపోయినా పరవాలేదు, ఒడ్డున కూర్చుని చూసి అదే లాంచీలో తిరిగి రావచ్చు.

వెసువియస్ నీడ
ఫిబ్రవరి 12, ఉదయం 8:30

ఒప్పుకుంటున్నాను. నేను గది వద్దన్నాను, ఊరు వద్దనలేదు. ఆ గుమ్మటం ఉన్న చర్చి కింద రోమన్ల కాలపు భవనం బయటపడింది. క్రీ.శ. 79లో వెసువియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పూడిపోయినది. 2018 నుంచి దాన్ని చూడనిస్తున్నారు, గోడల మీద చిత్రాల రంగులు ఇంకా తాజాగా ఉన్నాయి. ఒడ్డుకు దగ్గరే కాబట్టి నాన్నగారు చూసి రావచ్చు.

బస్సుల గురించి మరికొంత. టికెట్టు ఎక్కకముందే పొగాకు దుకాణంలోనో పత్రికల దుకాణంలోనో కొనాలి. సలెర్నో నుంచి వస్తే ఎడమ వైపు, సొరెంతో నుంచి వస్తే కుడి వైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. బస్సు బయలుదేరే చోటే ఎక్కండి. మధ్య స్టాపులలో నిండిపోయిన బస్సు ఆగకుండా పోతుంది. మలుపులకు కడుపులో తిప్పే అలవాటున్న వారు అల్లం మురబ్బా దగ్గర ఉంచుకోండి.

రవెల్లో మాత్రం తప్పనిసరి. సముద్రానికి సుమారు 350 మీటర్ల పైన ఉన్నా, బస్సు దిగాక ఊరి చావడికి దారి చదునే. చావడిలోనే రూఫొలో భవనం ద్వారం. 13వ శతాబ్ది వర్తక కుటుంబం కట్టించిన ఇల్లు. జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ 1880లో వచ్చి, తన సంగీత నాటకంలోని మాయా ఉద్యానం ఈ తోటలో దొరికిందని మురిసిపోయాడు. 1953 నుంచి ఏటా వేసవిలో అక్కడ సంగీతోత్సవం జరుగుతోంది. వేదిక వెనుక తెర ఉండదు, సముద్రమే ఉంటుంది.

నిర్వాహకులు
ఫిబ్రవరి 12, ఉదయం 9:15

వీసా గురించి కొందరు విడిగా అడుగుతున్నందున ఇక్కడే క్లుప్తంగా: ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల లోపు అయితే తీసుకోరు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఈ చర్చను ఊళ్ళకే పరిమితం చేద్దాం.

కృష్ణాతీరం
జూన్ 4, రాత్రి 8:10

వెళ్ళి వచ్చాం. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రుణపడి ఉన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక తప్పు గురించి, మరొకరు పడకూడదని. మినోరిలో తీసుకున్న ఇంటి ప్రకటనలో "సముద్రానికి రెండు నిమిషాలు" అని ఉంది. నిజమే, రెండు నిమిషాలే, కానీ నిలువుగా. తొంభై ఒక్క మెట్లు లెక్కపెట్టాను. అమ్మ మొదటి మలుపులోనే గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఏమీ అనలేదు, అది నాకు ఇంకా బాధ కలిగించింది. ఆ రాత్రి అక్కడే గడిపి, మరుసటి ఉదయం ఒడ్డున ఒక చిన్న హోటలులో లిఫ్టు ఉన్న గది వెతుక్కున్నాం. మొదటి ఇంటి డబ్బు తిరిగి రాలేదు. బస ఖాయం చేసుకునే ముందు "రోడ్డు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

అక్కడి నుంచి అంతా బాగుంది. మినోరిలో ఉదయాలు అమ్మకు ఎంతో నచ్చాయి. ఒడ్డున బెంచీ, ఎదురుగా నీళ్ళు, వెనుక ఊరి ఆడవాళ్ళు కూరగాయలు కొనుక్కుంటూ మాటలు. భాష రాకపోయినా రెండో రోజుకే ఒక పెద్దావిడ అమ్మ పక్కన కూర్చుని, అమ్మ మోకాళ్ళ వైపు చూపించి, తన మోకాళ్ళు కూడా చూపించుకుంది. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, ఒకరు తెలుగులో, ఒకరు అక్కడి యాసలో.

నిమ్మతోటల గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు, అందుకే చెప్తాను. మయోరి, మినోరిల మధ్య నిమ్మతోటల గుండా పాత కాలిబాట ఉంది. అమ్మ రాలేదు, నాన్నగారూ నేనూ వెళ్ళాం. కొండంతా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, ఒక్కో గోడ వెనుక మూరెడు మట్టి, ఆ మట్టిలో నిమ్మచెట్లు. పైన చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళు, మన పొట్ల పందిరిలాగే. కాయ పొడుగ్గా, చివర కోసుగా ఉంటుంది. తొక్క కింద తెల్లటి కండ దళసరి. చక్కెర చల్లుకుని ముక్కలుగా కోసి తొక్కతో సహా తింటారు. నాన్నగారు రుచి చూసి "దబ్బకాయకు చుట్టమే" అన్నారు.

ఆ కాయలను ఒకప్పుడు కొండ మీది నుంచి ఒడ్డుకు మోసింది ఆడవాళ్ళు. వాళ్ళను 'ఫోర్మికెల్లె' అనేవారట, అంటే చిట్టి చీమలు. యాభై కిలోలకు పైబడిన గంపలు వీపున పెట్టుకుని, మేము ఉత్త చేతులతో ఆయాసపడుతూ ఎక్కిన ఆ మెట్ల మీదే రోజుకు ఎన్నోసార్లు దిగేవారు. తిరిగి వచ్చాక అమ్మకు చెప్తే, "అందరూ ఇళ్ళ రంగులే చూపించారు, మోసినవాళ్ళ సంగతి చెప్పలేదు" అంది. నేను ఆ తీరాన్ని తలుచుకుంటే ఇప్పుడు ముందు ఆ మెట్లే గుర్తొస్తున్నాయి.

అమాల్ఫీలో తాళపత్రం గారు ఊహించినట్టే జరిగింది. ఓడల శాలలో నాన్నగారు ఒక కమాను కింద అరగంట నిలబడ్డారు. రాళ్ళ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడితో ఆగిపోయింది" అని మాత్రం అన్నారు. చర్చి మెట్లు అమ్మ ఎక్కలేదు, కిందనున్న చావడిలో కూర్చుని మమ్మల్ని చూస్తూ చెయ్యి ఊపింది. కాగితం మిల్లు మ్యూజియం అమ్మకు నచ్చింది. వాగు నీటితో తిరిగే చక్రం, దానికి కట్టిన కర్ర సమ్మెటలు పాత గుడ్డలను దంచి గుజ్జు చేసేవి. మాకు కూడా జల్లెడ ఇచ్చి కాగితం తీయించారు. అరబ్బుల నుంచి నేర్చిన విద్య అది. ఆ కాగితం మన్నదని అనుమానించి 1231లో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి ప్రభుత్వ పత్రాలకు వాడవద్దని ఆజ్ఞ ఇచ్చాడట. అమ్మ తీసిన కాగితం ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంది.

మూడో రోజు సముద్రం పోటెత్తి లాంచీలు ఆపేశారు. పొసితానో వెళ్దామనుకున్నది ఆ రోజే. బస్సులో వెళ్దామా అంటే అమ్మ వద్దంది. మరుసటి రోజు ఉదయం సముద్రం సర్దుకుంది, మొదటి లాంచీలో వెళ్ళాం. విమానం టికెట్ గారూ, మీరు చెప్పింది నిజం, గుమ్మటం మలుపు తిరిగి కనబడగానే లాంచీలో అందరూ ఒక్కసారి మౌనమయ్యారు. పది గంటలు దాటాక ఒడ్డున కాలు పెట్టే చోటు లేదు. మేము అప్పటికే తిరుగు లాంచీలో ఉన్నాం. దేవతల దారి నడవడం కుదరలేదు, రోజు చాలలేదు.

సలెర్నో గురించి ఎవరికీ పెద్ద ఆశలు లేవు గానీ నాన్నగారికి అదే ఎక్కువ నచ్చింది. మధ్యయుగంలో యూరప్‌కంతా పేరున్న వైద్య విద్యాలయం అక్కడ ఉండేది, ఆడవాళ్ళు కూడా వైద్యం చేసినట్టు ఆధారాలున్న చోటు. కొండ వాలులో మినర్వా తోట ఉంది, 14వ శతాబ్దిలో ఒక వైద్యుడు ఔషధ మొక్కలు పెంచిన స్థలం. ఏ మొక్కది ఏ గుణం, వేడిదా చల్లనిదా, పొడిదా తడిదా అని ఆనాటి లెక్క ప్రకారం మడులు వేశారు. వేడి చేసేది, చలవ చేసేది అన్న మాట అమ్మకు విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

చివరి రోజు సలెర్నో నుంచి రైలులో పెస్తుం. గ్రీకులు కట్టిన మూడు ఆలయాలు, వాటిలో పాతది క్రీ.పూ. 550 నాటిది. నేలంతా చదును, అమ్మ ఎక్కడా ఆగలేదు. అక్కడి మ్యూజియంలో సమాధి మూత రాయి మీద గీసిన చిత్రం ఉంది, 1968లో బయటపడింది. ఒక యువకుడు ఎత్తు నుంచి నీళ్ళలోకి దూకుతున్నాడు, ఇంకా నీటిని తాకలేదు. నాన్నగారు ఆ గదిలో నుంచి బయటకు వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళారు.

పోపులపెట్టె
జూన్ 4, రాత్రి 9:25

తిండి ఎలా సాగింది? చీటీ పనికొచ్చిందా?

కృష్ణాతీరం
జూన్ 4, రాత్రి 9:50

చీటీ మూడు చోట్ల కాపాడింది. ఒకచోట సొరకాయ లాంటి గుమ్మడి కూరలో చేపల ఊట వేశారని వంటాయన స్వయంగా వచ్చి చెప్పి, వేరేగా చేసి పెట్టాడు. జున్ను అమ్మ మానేసింది, నాన్నగారు గేదె పాల మొజరెల్లా మాత్రం తిన్నారు. పెస్తుం చుట్టుపక్కల గేదెల పాకలు చూసి ఆయనకు ఇంటికి వచ్చినట్టయింది. బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికి ఇంత అని బిల్లులో వేస్తారు, మొదటిరోజు పొరపాటేమో అనుకున్నాం. అది అక్కడి పద్ధతి.

ఏలూరు వంతెన
జూన్ 5, ఉదయం 6:40

కొత్త సభ్యుడిని. మా అమ్మ, అత్తయ్య ఇద్దరికీ డెబ్బై దాటాయి. డిసెంబరులో వెళ్ళే వీలుంది, అప్పుడు బాగుంటుందా?

వెసువియస్ నీడ
జూన్ 5, మధ్యాహ్నం 12:15

ఏలూరు వంతెన గారూ, డిసెంబరులో లాంచీలు ఉండవు, చాలా హోటళ్ళు మూసి ఉంటాయి, వానలు ఎక్కువ. ఈ కొండలకు వాన చిన్న విషయం కాదు. 1954 అక్టోబరు వరదలో సలెర్నో, వియెత్రి, మయోరి ప్రాంతాల్లో 300 మందికి పైగా చనిపోయారు. 2010 సెప్టెంబరులో అమాల్ఫీ పక్క ఊరు అత్రానిలో వీధిలోనే వాగు పారింది. నిమ్మతోటల రాతిగోడలు నిలబడి ఉంటేనే మట్టి కొండ మీద ఆగుతుంది, తోటలు వదిలేసిన చోట జారుతుంది.

డిసెంబరే కుదిరితే సలెర్నోలో ఉండండి. ఊరంతా దీపాలు పెడతారు, చదునైన సముద్రపు దారి ఉంది, పెస్తుం, పాంపేయి రైలులో వెళ్ళి రావచ్చు. ఎండ కాసిన రోజు చూసి అమాల్ఫీకి బస్సులో ఒకసారి వెళ్ళండి, ఎడమ వైపు కూర్చోండి. ఏప్రిల్ చివరి దాకా ఆగగలిగితే మాత్రం ఆగండి. నేను ఇక్కడే ఉంటాను, తేదీలు ఖాయమయ్యాక ఇదే చర్చలో రాయండి.